మేనమామ చుక్క పెట్టిన చెవి

చెవులు కుట్టించుకోవడానికి నా దుకాణానికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు: నొప్పి పుడుతుందా? కొందరు మంచి ముహూర్తం కూడా అడిగేవారు. చేతులు కడుక్కున్నారా అని అడిగిన మనిషి నాకు గుర్తున్నంతలో ఒక్కరే. ఆమె పేరు సరోజ. అలా అడిగినందుకు ఆమెకు దక్కిన మర్యాద ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. బైలదిల్లా కొండల కింద గని కాలనీలో ఆమె మీద ఒక నింద నిలిచిపోయింది. వేసినవాణ్ణి నేను. తీసేయవలసింది కూడా నేనే.

నా పేరు నరసింహాచారి. మాది అవుసల పని, ఊరు చర్ల పక్కన. కొండ మీద ఇనుప రాయి తవ్వకం జోరుగా సాగుతూ, గూడ్సు బండ్లు దాన్ని నింపుకొని విశాఖ వైపు పోతున్న రోజుల్లో ఇక్కడ బజారులో చిన్న కొట్టు పెట్టాను. బంగారం పని తక్కువ, చెవులూ ముక్కులూ కుట్టడం ఎక్కువ. ఇప్పుడు యాభై దాటాను. దగ్గరి చూపు మసకేసింది, సూది పక్కన పెట్టేశాను. ఈ మధ్య జగదల్‌పూర్‌లో, దంతెవాడలో కుర్రవాళ్ళు అద్దాల తలుపులు బిగించి ఇదే పనికి దుకాణాలు తెరుస్తున్నారు. వాళ్ళ కోసమూ, వాళ్ళ ముందు కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసమూ నాకు తెలిసింది చెబుతాను.

గురువుగారి తల

నేను పని నేర్చుకున్నది దంతెవాడలో ఒక పెద్దాయన దగ్గర. చేయి తేలిక, నోరు బరువు. చెవి కుట్టే ముందు ఆయన సూదిని తన తల మీద రెండుసార్లు రుద్దేవాడు. జుట్టుకున్న నూనె అంటితే సూది సులువుగా జారుతుందని. చూసేవాళ్ళు అదేదో మంత్రం అనుకుని దండం పెట్టేవారు. నేను చేరేనాటికి ఆయనకు బట్టతల వచ్చేసింది. అందుకని నా తల వాడుకునేవాడు.

"పొద్దున్నే నెత్తికి మంచిగ నూనె పెట్టుకొని రా. నిన్న సూది పట్టేసింది," అని కసిరేవాడు.

నా వృత్తి జీవితంలో నాకు అప్పగించిన మొదటి బాధ్యత అదీ. అప్పట్లో నాకు చుండ్రు కూడా ఉండేది. దంతెవాడలో ఎంతమంది చెవుల్లోకి అది వెళ్ళిందో ఆ దంతేశ్వరమ్మకే తెలియాలి.

ఒకరోజు ఆసుపత్రిలో పనిచేసే కంపౌండరు తన కూతురికి ముక్కు కుట్టించడానికి వచ్చాడు. గురువుగారు సూది తీసి నా తల మీద రుద్దగానే ఆయన కూతుర్ని లాక్కుని లేచాడు.

"ఇదేంది? సూదిని ఉడకబెట్టాలె గానీ తల మీద రుద్దుతరా? మరి ఆ పిల్లగాని తల ఉడకబెట్టినవా?"

"నువ్వు ఏం ఉడకబెట్టినా నా నెత్తి మీద వెంట్రుకలైతే రావు. ఉన్నదానితోని పని చేస్తున్న," అన్నాడు గురువుగారు చాలా నొచ్చుకుని.

కంపౌండరు వెళ్ళిపోయాడు. నేను వీధి దాకా వెంటపడి అడిగాను. ఆయన చెప్పింది ఇదీ: ఒకరికి గుచ్చిన సూది మరొకరికి గుచ్చితే పచ్చకామెర్ల వంటి రోగాలు రక్తం వెంట పోతాయి. మామూలుగా నీళ్ళలో మరిగించినా కొన్ని క్రిములు చావవు. ఆసుపత్రిలో ఒత్తిడితో ఆవిరి పట్టే యంత్రం ఉంటుంది. అన్నిటికన్నా మేలు, మనిషికొక కొత్త సూది, సీలు వేసిన పొట్లంలోంచి.

సొంత కొట్టు పెట్టినప్పుడు నేను మందుల దుకాణం నుంచి పొట్లం సూదులు తెచ్చాను. పట్టకార్ల కోసం ప్రెషర్ కుక్కరు కొన్నాను. అది ఆసుపత్రి యంత్రానికి సాటి రాదని తర్వాత తెలిసింది గానీ, అప్పట్లో మాత్రం బస్తరు మొత్తంలో నాకన్నా శుభ్రమైనవాడు లేడని నా గర్వం. కుక్కరు కూత వేస్తే వీధిలో పోయేవాళ్ళు, "చారి, ఏం పప్పు?" అని అడిగేవారు. "పట్టకారు," అని గంభీరంగా చెప్పేవాణ్ణి.

ఆ గర్వమే నా కళ్ళు మూసింది. నా సామాను మీద ఈగ వాలనిచ్చేవాణ్ణి కాదు. నాది కాని చేయి ఒకటి రోజూ ఆ చెవుల మీద పడుతోందని ఆలోచించలేదు.

అందుబాటులో ఉన్న మేనమామ

మనవాళ్ళలో పిల్లకు చెవులు కుట్టాలంటే మేనమామ ఒడి కావాలి. గని కాలనీలో అదే పెద్ద చిక్కు. పిల్ల ఇక్కడ, మామ విజయనగరంలో. ఒకవేళ ఇక్కడే ఉంటే షిఫ్టులో. ముహూర్తం దాటిపోతుంటే తల్లులు గుమ్మంలో నిలబడి ఏడుపు ముఖం పెట్టేవారు.

నా పక్కన పాన్ కొట్టు భీమయ్యది. మనిషి మద్దేడ్ వైపు రైతు కుటుంబం. తెలుగు, దోర్లీ, హల్బీ, హిందీ నాలుగూ ఒకే వాక్యంలో మాట్లాడగలడు. ఒకనాడు ముహూర్తం ముంచుకొస్తుంటే, "నన్ను అన్న అనుకో చెల్లె, నేను కూసుంట," అని వచ్చి పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతే, అది ఆనవాయితీ అయిపోయింది. ఉత్తరాంధ్ర వాళ్ళకూ, ఒడియా వాళ్ళకూ, ఛత్తీస్‌గఢీ వాళ్ళకూ భీమయ్యే మేనమామ. పండగ రోజు కాలనీలోకి పోతే సందుసందునా పిల్లలు "మామా" అని చుట్టుముట్టేవారు. ఆయన భార్య నాతో, "నాకు తెలియకుండ ఈయనకు ఇంతమంది అక్కచెల్లెండ్లు ఎక్కడినుంచి వచ్చిన్రు?" అనేది.

ఒళ్ళో కూర్చోబెట్టుకోవడంతో మామ పని అయిపోదు. ఎక్కడ కుట్టాలో చెవి మీద చుక్క పెట్టాలి. భీమయ్య తన కొట్లోని సున్నంలో పసుపు కలిపి ఎర్రటి ముద్ద చేసి, పాత జర్దా డబ్బాలో ఉంచేవాడు. ఎండిపోతే తడి వేళ్ళు విదిల్చి మళ్ళీ కలిపేవాడు. ఆడపిల్లకు ఎడమ చెవి మీద, మగపిల్లవాడికి కుడి చెవి మీద బొటనవేలితో చుక్క పెట్టి, "కుట్టు చారీ," అనేవాడు. అది మామ గౌరవం. రెండో చెవి మీద నేనే స్పిరిటుతో తుడిచి, కొత్త పెన్నుతో గుర్తు పెట్టేవాణ్ణి. ఆలోగా ఆయన కొట్టు ముందు పాన్ కోసం జనం అరుస్తూ ఉండేవారు.

సరోజ అడిగిన మాట

సరోజ భర్త రమణ కొండ మీద డంపరు నడిపేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. పాప లావణ్యకు చెవులు కుట్టించడానికి సరోజ అత్తగారితో కలిసి వచ్చింది. అత్తగారి పేరు అప్పలనర్సమ్మ. ఆమె గొంతెత్తితే కొండ మీద సైరన్ అవసరం లేదనేవారు.

భీమయ్య అప్పుడే ఎవరికో పాన్ కట్టి, వేళ్ళు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పాప చెవి పట్టుకోబోయాడు. సరోజ పాపను వెనక్కి తీసుకుంది.

"చారి గారూ, ఆయన్ని చేతులు సబ్బుతో కడుక్కోమనండి. చుక్క కూడా మీరే కొత్త పెన్నుతో పెట్టండి."

భీమయ్య తన చేతులకేసి మొదటిసారి చూసినట్టు చూసుకున్నాడు. "బిల్కుల్ సాఫ్ ఉన్నయి చెల్లె. ఎర్రగున్నది కాచు."

"ఓలమ్మో!" అంది అప్పలనర్సమ్మ. "ఒళ్ళో కూకున్న మేనమామని సేతులు కడుక్కోమంతావేటే? రేపు పెళ్ళిలో తాళి కట్టీవోణ్ణి కూడా కడుక్కోమంతావా?"

"కడుక్కుంటే మంచిదే కదత్తా," అంది సరోజ.

అందరూ నవ్వారు. తీర్పు చెప్పవలసినవాణ్ణి నేను. కుక్కరు గర్వంతో ఉన్నాను కదా, నా కొట్టునే అనుమానించినట్టు అనిపించింది. "అమ్మా, నా సూది పొట్లంల నుంచి తీస్తున్న, చూడున్రి. భీమయ్య చెయ్యి ఇంతమంది పిల్లల మీద పడ్డది. ఎవ్వరికీ ఏం కాలె. మామను అవమానం చేయొద్దు," అన్నాను. సరోజ ముఖం ఎర్రబడింది. పాపను ఇచ్చింది. భీమయ్య చుక్క పెట్టాడు. నా శుభ్రమైన సూది ఆ చుక్క మధ్యలోంచే వెళ్ళింది.

వెళ్ళేటప్పుడు అందరికీ చెప్పినట్టే చెప్పాను: "రోజూ ఒక చుక్క కొబ్బరినూనె రాయున్రి."

నూనె మీద నెపం

వారం తిరక్కుండానే అప్పలనర్సమ్మ గొంతు ముందొచ్చింది, మనిషి వెనకొచ్చింది. పాప ఎడమ చెవి తమ్మె వాచి నిగనిగలాడుతోంది. పిల్లకు జ్వరం. బజారులో జనం ఆగి చూస్తున్నారు.

"ఏటయ్యా, గుంటకి ఏటి సేసినావు?"

"ఇంట్ల ఏమన్న రాసిన్రా?" అని అడిగాను.

"మీరు చెప్పిన కొబ్బరినూనే," అంది సరోజ.

నేను చేసిన పాపం ఇక్కడ ఉంది. "గదే! నూనె రాస్తే ఈ ఊరి ఎర్ర దుమ్ము అంటదా? నేను చెప్పింది గానుగ నూనె, గోరువెచ్చగ చేసి, అదీ దూదితోని. సీసాల నూనె వేలితోని రాస్తే గిట్లనే అయితది," అన్నాను. అందులో ఒక్క మాట కూడా నేను ఆమెకు చెప్పలేదు. అక్కడికక్కడ పుట్టించాను. జనం తలలూపారు. దుమ్ము పేరు చెబితే ఆ ఊళ్ళో ఎవరూ ఎదురాడరు. పప్పు ఉడక్కపోయినా, పిల్లాడు పరీక్ష తప్పినా దుమ్ము మీదే పెట్టేవారు.

"మీరు నాకు అలా చెప్పలేదు," అంది సరోజ మెల్లగా.

అప్పలనర్సమ్మ కోడలి వైపు తిరిగింది. "పెద్దోలు సెప్పింది సరిగ్గా ఇనవు, అడక్కూడనివి అడుగుతావు!"

ఆసుపత్రిలో డాక్టరు చీము తీశాడు. జ్వరం తగ్గింది. చెవి రంధ్రం మూసుకుపోయి చిన్న మచ్చ మిగిలింది. పాప బాగుపడింది గానీ సరోజ పేరు బాగుపడలేదు. ఆమె చేయి మంచిది కాదు, ఆమె మందు రాస్తే పుండవుతుంది అని కాలనీలో చెప్పుకున్నారు. ఎవరైనా నన్ను అడిగితే నేనూ గానుగ నూనె కథ చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా అది నాకే నిజంలా వినిపించేది.

ఆ నెలలోనే ఇంకొందరు పిల్లలు వాచిన చెవులతో వచ్చారు. ఆడపిల్లలకు ఎడమ చెవి, మగపిల్లలకు కుడి చెవి. రెండో చెవి అందరికీ ఆరోగ్యంగా ఉంది. తల్లి నూనె రాస్తే రెండు చెవులకూ రాస్తుంది కదా! దుమ్ముకు ఆడా మగా తేడా తెలియదు కదా! మామ చుక్క పెట్టిన చెవే వాచింది. తడి వేళ్ళు తగిలి తగిలి ఆ డబ్బాలోని ముద్ద చెడిపోయి ఉంటుంది.

భీమయ్యను పిలిచి చెప్పాను. ఆయన జర్దా డబ్బాను తీసుకెళ్ళి మోరీలో పారేశాడు. "కడుక్కోమని నువ్వన్న నాకెందుకు చెప్పలేదు భాయ్? ఆ చెల్లె చెప్పిననాడే కడుక్కుంటే ఏం పోయేది నాకు?" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎంత మారాడంటే, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, చేతులు పైకెత్తి ఆపరేషను గదిలోకి వచ్చినట్టు వచ్చేవాడు. చుక్క మానేశాడు. అసలు మేనమామలు వచ్చినా, "కడిగినవా? వాసన చూపియ్యి," అని నిలదీసేవాడు.

కొట్టులో అంతా సరిదిద్దాను. సరోజ సంగతి మాత్రం సరిదిద్దలేదు. నిజం చెబితే జనం రారని భయం.

కుర్చీలో కూర్చునే ముందు

ఇక మీకు పనికొచ్చే మాటలు. కొట్టులోకి పోగానే దేవుడి పటం, ఏసీ, గోడ మీది బొమ్మలు చూడకండి. కుట్టేవాడి చేతులు చూడండి. మీ కళ్ళ ముందు సబ్బుతో కడుక్కుని కొత్త తొడుగులు వేసుకోవాలి. ఆ తొడుగులతోనే ఫోను ఎత్తినా, తలుపు తీసినా, ముక్కు గోక్కున్నా మళ్ళీ మార్చమనండి. నేను చూసిన ఒక కుర్రవాడు తొడుగులతోనే సమోసా తిని అదే చేత్తో సూది అందుకున్నాడు. అడిగితే, సమోసాకు మట్టి అంటలేదు గనక చేయి శుభ్రంగానే ఉందట.

సూది పొట్లం మీ ముందే చింపాలి. దాని మీద గడువు ఉంటుంది, చదవండి. వాడిన సూది గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పడాలి, సొరుగులోకి వెళ్ళకూడదు. పట్టకార్లకు ఆవిరి యంత్రం ఉందా అని అడగండి. సరైన వేడి తగిలితే రంగు మారే కాగితపు గుర్తు పట్టకార్లు చుట్టిన పొట్లాల మీద ఉంటుంది, చూపించమనండి. చూపించడానికి చిరాకు పడేవాడి దగ్గర చెవి పెట్టకండి. నేను చిరాకు పడ్డవాణ్ణే, అందుకే చెబుతున్నాను.

పెట్టే నగ కూడా శుభ్రమైనదే కావాలి. ఒక ఇంజనీరు గారు కమ్మలను గీటురాయి మీద గీయించి, భూతద్దంతో చూసి, బంగారం మంచిదని తేల్చుకుని, జేబురుమాలులోంచి తీసి అలాగే పెట్టమన్నాడు. మద్దేడ్ నుంచి ఒక పెద్దమ్మ ముక్కు కుట్టించుకోవడానికి తుమ్మ ముల్లు తెచ్చింది. చెట్టు నుంచి అప్పుడే కోసింది గనక దానికన్నా శుభ్రమైనది లేదని వాదన. "మీ సూది ఫ్యాక్టరీల ఎవడు ముట్టిండో నీకు తెల్సా?" అంది. ఆమెను ఒప్పించడానికి ఒక పూట పట్టింది. ఇప్పటికీ ఒప్పుకుందని చెప్పలేను, బస్సు వేళయిందని కుట్టించుకుంది.

కమ్మను టక్కున చెవిలోకి కొట్టే ప్లాస్టిక్ పిస్తోలు చూపిస్తే లేచి వచ్చేయండి. రాయపూర్ వ్యాపారి మాటలు విని నేనూ ఒకటి కొన్నాను. దాన్ని ఆవిరిలో పెడితే కరిగిపోతుంది, పెట్టకపోతే ఒకరి రక్తం తుంపర మరొకరికి. పైగా ఇక్కడి ఆడవాళ్ళు చెవి అంచు పొడుగునా రింగులు పెట్టుకుంటారు. ఆ అంచున మెత్తటి ఎముక ఉంటుంది. పిస్తోలు దెబ్బకు అది నలుగుతుంది, చీము పడితే చెవి ఆకారమే పోతుంది. కొన్న ఏడాదే దాన్ని అటక మీదకు ఎక్కించాను.

చంటిపిల్లలకు మొదటి టీకాలు పడేదాకా ఆగండి. కుట్టాక మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి సెలైన్‌తో తుడవండి, చాలు. పసుపు వద్దు, నూనె వద్దు. గానుగది కూడా వద్దు. వాపు, వేడి, చీము, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోండి. కుట్టినవాడి దగ్గరికి పోతే వాడు నాలాగే ఏదో ఒక నూనె పేరు చెబుతాడు.

కళ్ళ మందు

ఏళ్ళు గడిచాక, సరోజ భర్త రమణ రిటైరవుతున్నాడని, సామాను కట్టుకుని గాజువాక వెళ్ళిపోతున్నారని భీమయ్య చెప్పాడు. లావణ్య అప్పటికే రాయపూర్‌లో చదువుతోంది. వాళ్ళు వెళ్ళిపోతే ఇక నేను ఎవరితో చెప్పుకోవాలి? ఆ మధ్యాహ్నమే క్వార్టరుకు వెళ్ళాను.

అప్పలనర్సమ్మకు రెండు కళ్ళలోనూ పొర తీశారు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చిన్న సీసా తనే పట్టుకుని కళ్ళలో చుక్కలు వేసుకుంటోంది. చుక్క చెంప మీద పడి చెవిలోకి జారుతోంది. సరోజ వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

"సాయం చేయొచ్చు కదమ్మా," అన్నాను.

"నా చేత్తో మందు వేయించుకోరు. మీకు తెలియదా?" అంది సరోజ. "పాపకి జ్వరం వచ్చినప్పుడల్లా మందు సీసా ఆవిడ కొంగున కట్టుకుని తిరిగేవారు. ఇప్పుడు పక్కింటావిడ వస్తే వేయించుకుంటారు, రాకపోతే ఇదిగో, చెవికి వేసుకుంటున్నారు."

నేను నిలబడే చెప్పాను. భీమయ్య చుక్క సంగతి, వాచిన చెవుల సంగతి, గానుగ నూనె నేను పుట్టించిన సంగతి. సరోజ అడిగిన మాట విని ఉంటే పాప చెవికి ఏమీ అయ్యేది కాదని చెప్పాను. రాయమన్నది కొబ్బరినూనే అని, ఆమె నేను చెప్పింది చెప్పినట్టే చేసిందని కూడా చెప్పాను.

అప్పలనర్సమ్మ లేచి కూర్చుంది. "మరిన్నాళ్ళూ ఏటి సేస్తన్నావయ్యా?"

"భయపడ్డ, పెద్దమ్మ."

"నీ బయ్యం తగలెయ్య! నా కోడలి సెయ్యి మంచిది కాదని కాలనీ అంతా నాను సెప్పుకొచ్చినాను. ఇప్పుడెవుల్ని పట్టుకుని ఎనక్కి తీసుకుంతాను? సగం మంది రిటైరై పోనారు!"

"ఉన్నవాళ్ళకి మీరే ఇల్లిల్లూ తిరిగి చెప్పండి చారి గారూ," అంది సరోజ. గొంతులో కోపం దాచుకోలేదు. "వెళ్ళిపోయినవాళ్ళకి చేరేటట్టు ఎక్కడైనా రాయండి. నా పేరుతోనే రాయండి. నేను సరిగ్గా విన్నానని రాయండి."

రాస్తానన్నాను. ఉన్నవాళ్ళ ఇళ్ళకు కూడా తిరిగాను. కొత్తగా వచ్చిన ఒక కుటుంబం నేనేదో నూనె అమ్మడానికి వచ్చాననుకుని వద్దని తలుపేసింది.

ఆ రోజు నేను బయల్దేరబోతుంటే అప్పలనర్సమ్మ మళ్ళీ పడుకుంది. కాసేపు కప్పుకేసి చూసింది. తర్వాత సీసా ఉన్న చేతిని గుమ్మం వైపు చాచింది.

"మందేసీ యేళ దాటిపోతంది. ఎంతసేపు నిలబడి సూస్తావే?"

సరోజ వెంటనే కదలలేదు. తర్వాత లోపలికి వెళ్ళింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. చేతుల తడి ఆర్చుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని అత్తగారి కనురెప్పను పైకి ఎత్తింది.

"కదలకండి అత్తా."

"నానేటి కదల్తన్నాను? ముందు నువ్వు సుక్కెయ్యి."

ఈసారి చుక్క కంట్లోనే పడింది. అప్పలనర్సమ్మ రెండో కన్ను తనే తెరిచి పెట్టింది.